గౌరికి అమ్మ పోసిన నెల

రబ్బరు గొట్టం ఒక కొసను అద్దాల తొట్టి అడుగున ఉన్న గులకరాళ్లలోకి దింపి, రెండవ కొసను నోట పెట్టుకుని పీరా సాబ్ ఒక్క పీల్పు పీల్చాడు. నీరు గొట్టంలో పైకెక్కి, వంపు దాటి, పెదవులను తాకబోయే క్షణంలో బొటనవేలు అడ్డుపెట్టి కొసను బక్కెట్టులోకి వంచాడు. ఒక్క చుక్క కూడా నోట పడలేదు. గర్వించదగిన విద్య ఏదైనా ఆయనకు ఉన్నదంటే అది ఇంతమాత్రమే. కానీ ఆ ఒక్క పీల్పు తరువాత ఆయన గోడకు చేయి ఆనించి, కండ్లు మూసుకుని, శ్వాస తిరిగి తన దారికి వచ్చేవరకు నిలబడవలసి వచ్చింది.

అది ఆదోనిలో ఒక పళ్ల వైద్యుని ఆసుపత్రి. దవడలు పట్టుకుని కూర్చున్న రోగులు నొప్పి మరచి కాసేపు చూసేందుకు ఆ తొట్టిని అక్కడ పెట్టారు. చీటీలు రాసే అమ్మాయి తల ఎత్తకుండానే పలకరించింది.

"ఏం సాబూ, రేపటి నుంచి రావంటనే?"

"రానమ్మా. ఎమ్మిగనూరికి పోతాండాను. అల్లునిది గాజుల అంగడి. కూసోని గాజులు సూపిచ్చే పని."

"సేపలు పోయి గాజులు వచ్చినాయా!"

"గాజులకు నీళ్లు మార్చే పని లేదు గదమ్మా."

ఆయన సన్నని మనిషి. గడ్డం దూదిపింజె రంగు. కుడి భుజం ఎడమ భుజం కన్నా ఒక అంగుళం కిందికి జారి ఉంటుంది. యౌవనమంతా ఆయన ఒక జిన్నింగ్ మిల్లులో, అదిమిన పత్తి బేళ్లకు ఇనుప పట్టీలు బిగించాడు. ఆ బిగింపు భుజంలో మిగిలింది, ఆ పత్తి ఊపిరితిత్తులలో మిగిలింది. మిల్లు కచేరీ గదిలో యజమాని ముచ్చటపడి పెట్టించిన చేపల తొట్టి ఒకటి ఉండేది. దానికి నీళ్లు మార్చే పని ఎవరికీ చెందనిది కనుక, కాలక్రమాన పీరా సాబ్‌కు చెందింది. మిల్లు మూతపడినప్పుడు యంత్రాలను తూకానికి అమ్మారు. తొట్టిని ఎవరూ తూచలేదు. ఆయన దాన్ని తలమీద పెట్టుకుని, బతికి ఉన్న రెండు చేపలను అన్నం క్యారియరు గిన్నెలో వేసుకుని, ఇంటికి నడిచి వెళ్లాడు. నాటి నుండి ఊరిలోని తొట్లన్నిటికీ ఆయనే.

రోగాల సంగతి ఆయన చచ్చిన చేపల వద్ద నేర్చుకున్నాడు. మొదటి చలికాలంలోనే తెల్లచుక్క రోగం వచ్చి, ఇంటి తొట్టి ఖాళీ అయింది. చేప ఒంటిపై రవ్వ చల్లినట్టు చుక్కలు. ఆ దురదకు అది రాళ్లకు ఒళ్లు రాసుకుంటుంది. ప్రతి చుక్కా చర్మం కింద కాపురం పెట్టిన ఒక పురుగు. అది పెరిగి, చేపను విడిచి, అడుగుకు రాలిపోతుంది. చేప మళ్లీ నున్నగా కనిపిస్తుంది. చూసినవారు గండం గడిచిందనుకుంటారు. రాళ్ల మధ్య ఆ ఒక్కటి వందలుగా చీలి, మరల చేపను వెదుకుతూ పైకి లేస్తుంది. అది చర్మంలో ఉండగా ఉప్పుగాని మందుగాని తాకవు; రాళ్లలో ఉండగానూ తాకవు; నీటిలో ఈదే ఆ కొద్ది వ్యవధిలోనే అది మందుకు చిక్కుతుంది. కనుక చుక్కలు పోయిన తరువాతనే అసలైన చికిత్స. ఈ మాటను ఎన్ని ఇండ్లలో చెప్పినా, చుక్కలు పోయిన మరునాడే మందు సీసా అటక ఎక్కేది.

బక్కెట్టు ఎత్తబోతుండగా చొక్కా జేబులో ఫోను మోగింది. హనుమంతమ్మ కోడలు ప్రమీల.

"మామా, యాడుండావు? గౌరి మళ్లా రాళ్లకు రాసుకుంటాంది. మూతి పైకెత్తి గుటకలు మింగుతాంది. బిర్న రా."

పీరా సాబ్ గబగబా గొట్టం చుట్టాడు. ఆ ఇంటికి నేడు ఆయన వెళ్లవలసింది శుభవార్త చెప్పడానికి.

పత్తి యార్డు రోడ్డు మీద, తడికల వరకు పత్తి మూటలు ఎక్కించిన బండ్లు, లారీలు వరుస కట్టి ఉన్నాయి. దారి పొడవునా ముండ్ల కంపలకు పత్తి పోగులు వేలాడుతున్నాయి. మోపెడ్ ముందు భాగంలో బక్కెట్టు, వెనుక గోనెపట్టాలో చుట్టి తాటితో కట్టిన ఒక పెద్ద వస్తువు. ఆయన నెమ్మదిగానే నడిపాడు. మనసు మాత్రం ఆయన కన్నా ముందే ఆ ఇల్లు చేరింది.

హనుమంతమ్మ ఆయనకు చుట్టం కాదు. కానీ మిల్లు గేటు ఎదుట ఆమె నడిపిన హోటలులో ఆయన ముప్పై ఏండ్లు బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాడు. మోకాళ్లు పట్టేసిన తరువాత ఆమె హోటలు మూసి, మంచానికి, ఆ మంచం ఎదుట కోడలు పెట్టించిన చేపల తొట్టికి పరిమితమైంది. అందులో బంగారు రంగు చేపలు రెండు ఉండేవి. ఒకటి ముసలిదై పోయింది. మిగిలిన దాని పేరు గౌరి. ఒంటిది ఇంట ఉండరాదని హనుమంతమ్మ పట్టుపట్టగా, పీరా సాబ్ ఎమ్మిగనూరు నుండి జత చేపను తెచ్చాడు.

కొత్త చేపను తిన్నగా తొట్టిలో వేయడం ఆయన పద్ధతి కాదు. మూడు వారాలు వేరే సీసాలో ఉంచి, మచ్చ లేదని తేల్చుకున్న పిమ్మటనే కలుపుతాడు. కానీ ఆనాడు, చూపించి తీసుకుపోదామని చేప ఉన్న నీళ్ల సంచితో గుమ్మం ముందు నిలబడ్డాడు. అది శుక్రవారం. "శుక్రారం పూట గడప కాడికి వచ్చిన ఆడకూతుర్ని ఎనక్కి పంపిస్తారా ఎవురన్నా? నీకేమన్నా బుద్ధుండాదా పీరా?" అని హనుమంతమ్మ కోప్పడింది. ప్రమీల చేత ఎర్రనీళ్లు కలిపించి సంచి చుట్టూ దిష్టి తీయించింది. ముప్పై ఏండ్లు అప్పు పెట్టిన చేతికి ఎదురు చెప్పడం ఆయనకు అలవాటు లేదు. చేప గడప దాటింది.

వారం తిరగకుండా కొత్తది పోయింది. గౌరి ఒంటినిండా తెల్లచుక్కలు లేచాయి. హనుమంతమ్మ చూసి, రెండు చేతులూ జోడించింది.

"అమ్మ పోసిందప్పా. ఎవురూ ఏమీ అనాకండి."

ఆనాటి నుండి ఆ ఇంట అమ్మవారు వచ్చిన ఇంటి మడి మొదలైంది. ద్వారానికి వేపమండలు. పొయ్యి మీద బాణలి లేదు, తాలింపు లేదు, పరాయివారి రాకపోక లేదు. మందు అనే మాటే పలకరాదు. పీరా సాబ్ వాదించలేదు. వాదించినవాడు మర్నాడు ఆ గుమ్మంలోకి రాలేడని ఆయనకు తెలుసు. తొట్టి మీద గుడ్డ కప్పాలన్నాడు. అమ్మ పోసిన గది చీకటిగా ఉండవలసిందే కనుక ఆమె సరేనంది. నీళ్లు గోరువెచ్చగా ఉండాలన్నాడు, అదీ సరే. కల్లుప్పు వేయాలన్నాడు; దిష్టి తీసేదీ ఉప్పే కనుక అది మందు కాదని ఆమె తీర్పు చెప్పింది. వేపాకు మాత్రం తొట్టి లోపల కాక, అద్దానికి వెలుపల కట్టేందుకు ఒప్పుకుంది. తీరా చుక్కలు పోగానే అమ్మ దిగిందని అన్నీ ఆపించింది. ఆయన భయపడినట్టే, చుక్కలు రెట్టింపై తిరిగి వచ్చాయి. రెండవసారి ఆమె హడలిపోయి, మందు సీసాకు కుంకుమ బొట్టు పెట్టి, ఆయన చాలనేవరకు మందు ఆపనని ఉరుకుంద ఈరన్న స్వామి మీద ఒట్టు పెట్టుకుంది.

చుక్కలు పోయి రెండు వారాలు దాటింది. నేడు చాలునని చెప్పి, ఊరు విడవాలి. తాను తెచ్చిన రోగాన్ని ఆ ఇంట వదిలి పోవడం ఎట్లా? గౌరి చస్తే, ఆమె అమ్మవారి కోపమనే అనుకుంటుంది. బతికినన్నాళ్లూ అదే అనుకుంటుంది.

తొట్టి మీది గుడ్డ తీయగానే పీరా సాబ్‌కు విషయం సగం అర్థమైంది. నీళ్లు పసుపు పచ్చగా ఉన్నాయి. గులకరాళ్ల మీద వేపాకులు. గౌరి ఒక మూల పైకి తేలి, మూతి నీటి పైకి పెట్టి, రెప్పలు లేని కండ్లతో ఆయాసపడుతున్నది. హనుమంతమ్మ మంచం మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నది.

"అక్కా, ఈ పసుపు యాడిది?"

"నాకేం తెలుసప్పా. అమ్మ తెచ్చుకున్నెదేమో."

"అమ్మ తెచ్చుకుంటే మా పోపుల డబ్బాలో గిన్నె ఎట్ల ఖాళీ అయ్యె అత్తా?" అంది ప్రమీల.

"ఈరన్న సామి మీద ఒట్టు పెట్టుకుంటివి గదక్కా!"

"మందు ఆపనని పెట్టుకుంటి. పసుపు ఎయ్యనని పెట్టుకుంటినా?" ఆమె ఇటు తిరిగింది. కండ్లు తడిగా ఉన్నాయి. "నువ్వు ఈ పొద్దు పోతాండావు. అమ్మ దిగినాక పసుపు, యాపాకు నీళ్లు పొయ్యకుండా పంపిస్తే మళ్లా రాదా? అప్పుడు నువ్వు యాడుంటావు, నేను యాడుంటా?"

ఆయన తొట్టి ముందు వంగాడు. ఫోను దీపం వెలిగించి, వెలుగు ఏటవాలుగా పడేటట్టు పట్టుకుని, చేప తోకను, రెక్కలను, వీపును శ్రద్ధగా చూశాడు. చుక్కలు లేవు. కానీ పురుగు ముందుగా మొప్పలలో చేరితే పైకి కనిపించదు. ఈ ఆయాసం పసుపు వల్లనా, రోగం తిరగబెట్టడం వల్లనా?

"ఏముండాది మామా?"

"తెలీదమ్మా," అన్నాడు పీరా సాబ్. "నీళ్లు మార్చి సూడాల. పసుపు మంట అయితే కుదురుకుంటాది. లేకుంటే..."

 నీళ్లు అనగానే ముగ్గురూ వంటింటి వైపు చూశారు. మునిసిపాలిటీ కొళాయి ఎల్లుండి వస్తుంది. వచ్చినా, ఆ నీటిలోని క్లోరిన్‌కు చేప తాళలేదు. ఒకనాడైనా నిలవ ఉండాలి. ఇంట ఉన్నది తాగడానికి పట్టి పెట్టుకున్న డ్రమ్ము ఒక్కటే.

ప్రమీల నోరు తెరిచే లోపల అత్త అంది. "పొయ్యమ్మా. మన గొంతులు రెండు పొద్దులు ఎండితే ఎండనీ. పక్కింట్లో అడుక్కుందాం. అది అడుక్కోలేదు."

పీరా సాబ్ గొట్టం దింపి, కొసను నోట పెట్టి పీల్చాడు. నీరు సగం ఎక్కి దిగిపోయింది. మళ్లీ పీల్చాడు. ఈసారి వంపు వరకు వచ్చి, వెనుకకు జారింది. మూడవసారి దగ్గు అందుకుంది. మిల్లు నాటి పత్తి అంతా ఒక్కసారి గొంతులోకి లేచినట్టు ఆయన నేల మీద కూలబడ్డాడు. పైన గౌరి, కింద ఆయన, ఇద్దరూ ఒకే తీరున గాలిని మింగుతున్నారు.

"ఇయ్యప్పా ఇట్ల!"

హనుమంతమ్మ మంచం దిగింది. రెండు అడుగులకు మూడుసార్లు "అమ్మా" అని, తొట్టి బల్లను పట్టుకుని నిలబడి, గొట్టం కొసను లాక్కుంది. మోకాళ్లు పోయినవి గాని, నలభై ఏండ్లు తడి కట్టెల పొయ్యిని ఊదుగొట్టంతో మండించిన రొమ్ము ఆమెది. ఒక్క పీల్పుకు నీరు ఉరికి వచ్చింది. బొటనవేలి విద్య ఆమెకు తెలియదు కనుక, పుక్కిటినిండా వచ్చింది.

"థూ! థూ! నా పసుపు నాకే తాపిస్తివి గదప్పా పీరా!"

ప్రమీల చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గోడకు ఆనుకుని దగ్గుతున్న పీరా సాబ్ నవ్వబోయి, మళ్లీ దగ్గాడు.

"నవ్వండి, నవ్వండి. అత్తకు అమ్మ పోస్తే అప్పుడు తెలుస్తాది తాలింపు లేని కూడు ఎన్ని నెలలో."

ఆ తరువాత పని సాగింది. పచ్చనీరు మొత్తంగా ఒక్కసారే తీస్తే చేప తట్టుకోదు కనుక, కొంత తీసి, కొంత పోసి, మళ్లీ కొంత తీశారు. ప్రమీల డ్రమ్ము నీళ్లను బిందెతో తెచ్చి, పొయ్యి మీద చలి విరిచి ఇస్తుంటే, పీరా సాబ్ చేయి ముంచి వేడి చూసి, లోటాతో అద్దం వెంట జారవిడిచాడు. గొట్టం కొస హనుమంతమ్మ చేతిలోనే ఉండిపోయింది. ఇప్పుడు దాన్ని ఎవరడిగినా ఇచ్చేటట్టు లేదు. వేపాకులను వలతో ఏరి తీసి, గాలి బుడగల మోటారును పెంచి, ముగ్గురూ చూస్తూ కూర్చున్నారు. వేరే చేయవలసింది లేదు.

"అక్కా," అన్నాడు పీరా సాబ్, తొట్టి వైపే చూస్తూ. "అమ్మ రాలేదక్కా. ఆ కొత్త సేపతోనే రోగం వచ్చె. మూడు వారాలు ఏరేగా పెట్టాల్సింది, నేనే పెట్టకపోతి."

"పెట్టనిచ్చింది ఎవురు?" అంది ఆమె. గొంతు తగ్గించింది. "రెండేండ్లాయె, కాళ్లు రాక అమ్మ జాతరకు పోలేదు. దానికే కోపం వచ్చి నా ఇంట్లో సేపను పట్టుకుందనుకుంటి. నిజంగా కాదంటావా?"

"నీ మీద కోపమొస్తే నిన్నే పట్టుకుంటాది గాని, నోరు లేని దాన్ని యాల పడతాదక్కా? అమ్మకు ఆమాత్రం తెలీదా?"

హనుమంతమ్మ ఆ మాటను నోటిలో పెట్టుకుని నమిలినట్టు దవడ కదిలించింది. ఒప్పుకున్నట్టో కాదో తెలియలేదు. కానీ చాలాకాలంగా ఎత్తి పట్టుకున్న భుజాలు కిందికి దిగాయి.

ఎండ కిటికీ ఊచలను దాటి తొట్టి అద్దం మీదికి వచ్చింది. మూలన ఉన్న గౌరి నెమ్మదిగా నీటి పైభాగాన్ని విడిచింది. కొంత దూరం ఊరకే తేలింది. తరువాత ఒంటికి అంటించుకున్న రెక్కలను విసనకర్ర విప్పినట్టు విప్పి, తొట్టి నడుమ ఒక చుట్టు తిరిగింది. రాళ్ల దగ్గరకు వెళ్లింది.  అది రాయికి ఒళ్లు రాయలేదు. రాళ్ల సందులో మూతి పెట్టి మేత వెదికింది. పీరా సాబ్ ఉడికించిన బఠాణి గింజ పొట్టు తీసి, నలిపి, చిటికెడు వేశాడు. గౌరి తల ఎత్తి వచ్చి, మింగి, మరికొంత పెట్టమన్నట్టు అద్దం దగ్గర నిలిచింది.

మరల ఒకసారి దీపం పట్టి, ఆయన మొప్పల వరకు పరీక్షగా చూశాడు.

"పసుపు మంటేనక్కా. రోగం లేదు. సాలు, ఇంక మందు వద్దు."

హనుమంతమ్మ తొట్టికి ఒక దండం, ఆ వెంటనే పీరా సాబ్‌కు ఒక దండం పెట్టింది. ఆయన కంగారుగా లేచి నిలబడ్డాడు. ఆమె అప్పటికే వంటింటి వైపు తిరిగి అరుస్తున్నది.

"ప్రమీలా! బాణలి పెట్టు! మిరపకాయలుండాయా?"

"అబ్బ! పెడతాండానత్తా!" ప్రమీల గొంతులో వినిపించిన ఊరట గౌరి కోసం మాత్రమే కాదు. "సేపకు అమ్మ పోసిందని నెల పొద్దు సప్పిడి కూడు తింటిమి మామా. లారీ తోలే మా ఇంటాయనైతే ఊరు రాకముందే బళ్లారిలో తిని వస్తాండాడు."

పీరా సాబ్ బయటికి వెళ్లి, మోపెడ్ వెనుక ఉన్న గోనెపట్టాను విప్పి, లోపలి వస్తువును రెండు చేతులా పట్టుకుని వచ్చాడు. వెడల్పు మూతి ఉన్న పాత గాజు సీసా. హోటలు మూసిన నాడు హనుమంతమ్మ ఆయనకు ఇచ్చింది. ఇన్నేండ్లూ ఊరిలోని ప్రతి కొత్త చేపా మొదట మకాం చేసింది అందులోనే.

"నా బన్నుల సీసా!" ఆమె గాజు మీద అరచేయి పెట్టింది. "దీని ఎర్ర మూత యాడ పారేసినావు?"

"సేపలకు మూత యాలక్కా?" ఆయన సీసాను కడిగి, డ్రమ్ము అడుగున మిగిలిన నీళ్లతో నింపాడు. "ఇంక కొత్తది ఏది తెచ్చినా మొదట దీంట్లో. మూడు వారాలు. దీని వల దీనికే, దాని వల దానికే. వల ఎండకు ఆరాల."

"గడప బయటనా?"

"అరుగు మీద."

"శుక్రారమైనా?"

"శుక్రారమైనా."

"నన్ను గడప దాటించినప్పుడు ఈ సీసా యాడుండె అత్తా?" అంది వంటింట్లో నుండి ప్రమీల.

"ఉండె. నువ్వు పట్టవని ఊరుకుంటి."

మొదటి వాయి బజ్జీలు కాగితంలో వచ్చాయి. పీరా సాబ్ నిలబడే రెండు తిన్నాడు. మిల్లు గేటు నాటి రుచిలో ఏ మార్పూ లేదు. మిరపకాయ ఘాటుకు దగ్గు వచ్చింది, కానీ ఈసారి అది పెద్దది కాలేదు. హనుమంతమ్మ పొయ్యి దగ్గర పీట వేయించుకుని కూర్చుని, కోడలి చేతి నుండి జల్లిగరిటె లాక్కుంది. రెండవ వాయి తానే వేస్తుందట. నూనె పెద్దగా చప్పుడు చేసింది.

"ఇంగ నాలుగు తినిపో పీరా, ఆడ గాజుల అంగట్లో నీకెవురు ఏస్తారు?" అందామె వెనుదిరగకుండానే.

జవాబు రాలేదు. గుమ్మానికి కట్టిన వేపమండలను విప్పి, బక్కెట్టులో వేసుకుని, ఆయన అప్పటికే మోపెడ్‌ను వీధి మలుపు వరకు నడిపించుకుని వెళ్లాడు. అక్కడ దాన్ని ఎక్కి, ఎమ్మిగనూరు దారి పట్టాడు. నూనె చప్పుడులో మోపెడ్ చప్పుడు ఇంటికి వినిపించలేదు.

అరుగు మీద ఆయన పెట్టిపోయిన బన్నుల సీసా నిండుగా, చేప లేని తేటనీళ్లతో నిలిచి ఉంది. యార్డు వైపు నుండి గాలికి కొట్టుకువచ్చిన పత్తి పోగు ఒకటి, మూత లేని ఆ నీటి మీద ఇంకా తడవకుండా తేలుతున్నది.